ఇన్సెంటివ్ పెంచే ముందు మీ అడ్వాన్సుల పుస్తకం తీయండి

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీది చీరల దుకాణం. అమ్మకాల్లో 14 మంది ఉన్నారు. ఏడాది క్రితం, ఎవరు అమ్మినదాని మీద వారికి కొంత శాతం ఇన్సెంటివ్ పెట్టారు. మొదటి రెండు నెలలు అమ్మకాలు పెరిగాయి. తరువాత ఆ ఊపు ఆగింది. మార్పిడికి తిరిగి వచ్చే చీరలు ఎక్కువయ్యాయి, కౌంటర్ల మధ్య మాటామాటా పెరిగింది, పాతవారిలో ఇద్దరు మానేశారు. ఆలస్యానికి రోజుకు 50 రూపాయల కోత పెట్టినా ఆలస్యాలు తగ్గలేదు. అడ్వాన్సు అడగని వారం లేదు. ఇప్పుడు దసరాకు అందరికంటే ఎక్కువ అమ్మినవారికి మోటారు సైకిలు ప్రకటించాలా, అదే డబ్బుతో జీతాలు పెంచాలా అని అడిగారు. చివర్లో ‘ఎంత ఇచ్చినా వీళ్లకు డబ్బు నిలవదు’ అని కూడా రాశారు.

నేను 26 ఏళ్లుగా బట్టల దుకాణాలకు, చిన్న కార్ఖానాలకు జీతాల లెక్కలు చూస్తున్నాను. మోటారు సైకిలు ఆలోచన మానుకోండి. జీతాల పెంపు గురించి నెల తరువాత మాట్లాడుకుందాం. ఈ రోజు మాత్రం అడ్వాన్సుల పుస్తకం తీసి, పేర్లు వదిలేసి, తేదీలు మాత్రమే ఒక కాగితం మీద దించండి.

నిరుడు ఒక దుకాణంలో నేను ఇదే పని చేశాను. పొడుగాటి రిజిస్టరు, తీరిపోయిన పద్దుల మీద ఎర్ర సిరా గీతలు. ఒకటో తేదీ నుంచి పదో తేదీ దాకా గళ్లు దాదాపు ఖాళీ. 18 దాటిన దగ్గర నుంచి నిండిపోయాయి. మొత్తాలన్నీ చిన్నవే: 500, 700, 1,000. కారణం రాసిన గడిలో వరుసగా గ్యాస్, వ్యాను ఫీజు, చీటీ, మందులు, ఊరి ప్రయాణం, మళ్లీ గ్యాస్. దుబారా అనదగిన మాట ఆ పుస్తకంలో నాకు ఒక్కటీ కనబడలేదు.

నేను అక్కడ కూర్చుని ఉండగానే పట్టు కౌంటరులో పనిచేసే ఒకామె గల్లా దగ్గరికి వచ్చారు. యజమాని ఫోనులో ఉన్నారు. ఆమె వెనక్కి వెళ్లారు. చీర విప్పి చూపిస్తున్నారు గానీ చూపు గల్లా వైపే ఉంది. మళ్లీ వచ్చారు, మళ్లీ వెళ్లారు. మూడోసారి వచ్చి నిలబడ్డప్పుడు ఆమె కౌంటరు ముందు కూర్చున్న తల్లీకూతుళ్లు లేచి బయటికి నడిచారు. పెళ్లి బట్టలకు వచ్చినవారు. మధుపర్కాల దగ్గర నుంచి పెట్టుబడి చీరల దాకా ఒకే చోట తీసుకుందామని వచ్చిన బేరం అది. ఆమె అడగాలనుకున్నది 700 రూపాయలు. పాప మూడు రోజులుగా జ్వరంతో ఉందని తరువాత తెలిసింది.

మీ అమ్మకాల ఊపు ఎక్కడ ఆగిందో వెతకవలసిన చోటు ఇదేనని నా నమ్మకం. దీనికి గట్టి ఆధారాలూ ఉన్నాయి. ఒడిశాలో ఆర్థికవేత్త సుప్రీత్ కౌర్ బృందం విస్తళ్లు కుట్టే కూలీలతో ఒక ప్రయోగం చేసింది. అందరికీ ముక్క లెక్కనే కూలి. మొత్తం కూలిలో తేడా లేదు, ముక్క ధరలో తేడా లేదు. కొందరికి మాత్రం రావలసిన డబ్బులో కొంత ముందుగా చేతికి ఇచ్చారు. అలా చేతిలో డబ్బు పడినవారి ఉత్పత్తి సగటున 7 శాతం పెరిగింది, వారిలో మరీ పేదవారిది 13 శాతం. విస్తరి కుట్టడంలో అజాగ్రత్త వల్ల వచ్చే తప్పులు కూడా తగ్గాయి. ఒక్క రూపాయి అదనంగా ఇవ్వకుండా వచ్చిన మార్పు ఇది. తమిళనాడు చెరకు రైతుల మీద 2013లో వెలువడిన అధ్యయనం కూడా ఇదే దారిలో సాగింది. 464 మంది రైతులను కోతకు ముందు ఒకసారి, పంట డబ్బు చేతికి వచ్చాక ఒకసారి పరీక్షించారు. అదే మనిషి, అదే బుర్ర. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆలోచన పరీక్షల్లో వెనకబడ్డాడు.

కాబట్టి ‘డబ్బు నిలవదు’ అన్న మాటను నేను ఒప్పుకోను. 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే చూస్తే, దేశం సగటున గ్రామాల్లో నెల ఖర్చులో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. ఇది అందరినీ కలిపిన సగటు. ఆదాయం తగ్గేకొద్దీ తిండి వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. మీ దగ్గర 14,000 తీసుకునే మనిషి ఇంట్లో తిండి, అద్దె, కరెంటు, పిల్లల ఫీజు తీశాక మిగిలేది ఎంతో మీరే వేసి చూడండి. అందులోనూ అద్దె ఐదో తేదీకి, చీటీ పదో తేదీకి కట్టేయాలి. జీతం వచ్చిన పది రోజుల్లో పెద్ద ఖర్చులన్నీ అయిపోతాయి. మిగతా ఇరవై రోజులు చిల్లర మీద నడవాలి. ఆ చిల్లర జ్వరానికో, తద్దినానికో తెగిపోతుంది.

కాబట్టి మొదటి మార్పు జీతం ఎంత అన్నదాంట్లో కాదు, ఎప్పుడు అన్నదాంట్లో చేయండి. నెల జీతాన్ని రెండుగా చీల్చి, 1న ఒక భాగం, 16న ఒక భాగం ఇవ్వండి. సగం సగం వద్దు, అద్దె ఐదులోపే కట్టాలి కాబట్టి 1న ఇచ్చే భాగం 60 శాతం ఉండనివ్వండి. ఒకటి గుర్తుంచుకోండి: 16న ఇచ్చేది ఆ నెలలో అప్పటికే చేసిన పనికి జీతం, వచ్చే నెల నుంచి తెచ్చిన అప్పు కాదు. ఈ పద్ధతికి మారే మొదటి నెలలో మీ చేతి నుంచి దాదాపు అర నెల జీతం ముందుగా పోతుంది. అంత డబ్బు సర్దుకుని మొదలుపెట్టండి. చట్టం ప్రకారం నెల జీతం తరువాతి నెల 7వ తేదీ దాటకూడదు, అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం మించకూడదు. పాత అడ్వాన్సులన్నీ ఒకే నెలలో తెగ్గోసే యజమానులు ఈ రెండోది మరచిపోతుంటారు.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. మైసూరులో కంప్యూటర్లలో వివరాలు ఎక్కించే ఉద్యోగుల మీద ఏడాది పాటు చేసిన ప్రయోగంలో, జీతం రోజు దగ్గరపడేకొద్దీ పని జోరు పెరిగింది. నెలలో ఒక జీతం రోజుకు బదులు రెండు ఉంటే ఆ జోరు రెండుసార్లు వస్తుందని ఆశించవచ్చు. నేను ఈ పద్ధతి పెట్టించిన దుకాణాల్లో గల్లా దగ్గర నిలబడేవారు తగ్గడం నా కళ్లతో చూశాను. అడ్వాన్సులు పూర్తిగా ఆగవు. ఆసుపత్రి ఖర్చు, చావు, పెళ్లి ఉంటూనే ఉంటాయి. వాటికి మాత్రం అడగగానే ఇచ్చే ఏర్పాటు ఉండాలి, యజమాని ఫోను పెట్టేదాకా మనిషి నిలబడే పరిస్థితి ఉండకూడదు. మేనేజరుకు 2,000 దాకా ఇచ్చే అధికారం రాసి ఇవ్వండి.

ఇక ఇన్సెంటివ్ సంగతి. ఇన్సెంటివ్ పనిచేయదని నేను అనడం లేదు. అమెరికాలో కారు అద్దాలు బిగించే సేఫ్‌లైట్ సంస్థ 1990ల మధ్యలో గంట జీతం నుంచి బిగించిన అద్దానికి ఇంత అన్న పద్ధతికి మారింది. ఆర్థికవేత్త ఎడ్వర్డ్ లేజియర్ ఆ లెక్కలను పరిశీలిస్తే మనిషికి ఉత్పత్తి 44 శాతం పెరిగినట్టు తేలింది. అందులో సుమారు సగం ఉన్నవారు ఎక్కువ చేయడం వల్ల, మిగతాది చురుకైనవారు వచ్చి చేరడం, నిలవడం వల్ల. ఈ 44 శాతం అంకె చాలామంది చెబుతారు, దాని వెనక ఉన్న రెండు ఏర్పాట్లను వదిలేస్తారు. ఎంత తక్కువ బిగించినా పాత గంట జీతానికి దగ్గరగా ఒక కనీస హామీ ఉంది. సరిగా బిగించని అద్దాన్ని ఆ బిగించినవారే మళ్లీ సరిచేయాలి. పైగా కారు అద్దం ఎవరు బిగించారో స్పష్టంగా తెలుస్తుంది. ఒక మనిషి, ఒక అద్దం.

మీ దుకాణంలో చీర అమ్మేది ఎవరు? గుమ్మం దగ్గర పలకరించి కూర్చోబెట్టేది ఒకరు, ర్యాక్ నుంచి దించి ఇచ్చేది ఒకరు, కొంగు భుజం మీద వేసి అద్దంలో చూపించేది ఒకరు, విప్పిన నలభై చీరలను తిరిగి మడత పెట్టేది ఇంకొకరు. బిల్లు మీద ఒక్కరి నంబరే పడుతుంది. ఆ నంబరుకే డబ్బు అన్నారు కాబట్టి మడత పెట్టే పని ఎవరికీ పట్టదు, పక్క కౌంటరు రద్దీగా ఉన్నా చేయందించరు, ‘ఆమెను ముందు కూర్చోబెట్టింది నేను’ అన్న తగవు మొదలవుతుంది. ఇక బిల్లు అయితే చాలు, తిరిగి వచ్చినా పోయేదేమీ లేదు కనుక కట్టుకునేవారికి నప్పని రంగును కూడా అంటగట్టి పంపిస్తారు. మార్పిడులు పెరగడం మీ మనుషుల చెడ్డతనం కాదు. మీరు దేనికి డబ్బు ఇస్తున్నారో వారు అదే చేశారు. ఇదే జబ్బు పెద్ద సంస్థల్లో ఎంత దూరం పోతుందో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఉదంతంలో చూశాం. అమ్మకాల లక్ష్యాల ఒత్తిడితో సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండా దాదాపు 20 లక్షల ఖాతాలు, కార్డులు తెరిచినట్టు 2016లో బయటపడింది. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి.

కాబట్టి మనిషికి బదులు కౌంటరుకు ఇన్సెంటివ్ పెట్టండి. జర్మనీలో 193 దుకాణాలున్న ఒక బేకరీ సంస్థలో సగం దుకాణాలకు అక్కడి సిబ్బంది మొత్తానికి కలిపి బోనస్ పెట్టారు. అమ్మకాలు సుమారు 3 శాతం పెరిగాయి, బోనస్‌కు పెట్టిన ఖర్చుకు మించి లాభం వచ్చింది. 3 శాతమేనా అనుకోవద్దు. అద్దె, కరెంటు, జీతాలు మారకుండా అమ్మకం 3 శాతం పెరిగితే లాభంలో ఎంత తేడా వస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురు నిలిచే ఆధారం ఒకటి మన దగ్గరే ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉపాధ్యాయుల బోనస్ మీద పెద్ద ప్రయోగం చేశారు. 100 బడుల్లో ఎవరి తరగతి ఫలితానికి వారికి, 100 బడుల్లో బడి మొత్తానికి, మరో 100 బడుల్లో ఏమీ లేదు. పిల్లల సగటు మార్కుల్లో ఒక్కో శాతం పెరుగుదలకు 500 రూపాయలు. సగటున ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే అయిన ఆ బోనస్‌తో రెండేళ్లలో లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు స్పష్టంగా ముందుకు వచ్చారు. బోనస్ లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా మెరుగయ్యారు. అయితే మొదటి ఏడాది రెండు పద్ధతులూ సమానంగా నడిచినా, ఆ తరువాత వ్యక్తికి ఇచ్చిన బోనసే ముందు నిలిచింది.

మరి నేను కౌంటరుకు ఇవ్వమని ఎందుకు అంటున్నాను? ఉపాధ్యాయుడికి తన తరగతి అంటూ ఒకటి ఉంది, సేఫ్‌లైట్ కార్మికుడికి తన అద్దం అంటూ ఒకటి ఉంది. మీ చీర నాలుగు చేతుల మీదుగా పోతుంది. అయినా ఆ ప్రయోగం చేసిన హెచ్చరికను తీసుకోండి: ఏళ్లు గడిస్తే గుంపు బోనస్ చప్పబడవచ్చు. గుంపు పెద్దదైతే ఆ ముప్పు ఇంకా ఎక్కువని నా అనుమానం. అందుకే 14 మందికి కలిపి ఒకటి పెట్టవద్దు. పట్టు, ఫ్యాన్సీ, కాటన్, డ్రెస్ మెటీరియల్ అని ముగ్గురు నలుగురి జట్లుగా విడదీయండి. జట్టు లక్ష్యాన్ని దాని పాత అమ్మకంతోనే పోల్చండి, పట్టు కౌంటరును కాటన్‌తో పోల్చవద్దు. 15 రోజుల్లోపు వాపసు వచ్చిన చీర విలువను జట్టు లెక్క నుంచి తీసేయండి. అసలు జీతం ఇన్సెంటివ్ లేకుండానే ఇల్లు గడిచేంత ఉండాలి. మొత్తం రాబడిలో ఇన్సెంటివ్ పదో వంతు దాటనక్కరలేదు.

మానేసిన ఆ ఇద్దరి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన భాగం అదే. వారిలో ఒకరు, పన్నెండేళ్లు చేసిన మనిషి, నిరుడు చేరిన కుర్రవాడి కంటే తక్కువ పట్టుకెళ్లానని అందరి ముందూ తెలిసి మానేశారని రాశారు. ఒడిశాలోనే 378 మంది కార్మికులతో జరిగిన మరో ప్రయోగంలో ముగ్గురేసి జట్లుగా పని చేయించారు. కొన్ని జట్లలో ముగ్గురికీ ఒకే కూలి, కొన్నింటిలో తేడాగా ఇచ్చారు. తన కూలి మారకపోయినా, పక్కవారికి ఎక్కువ ఇస్తున్నారని తెలిసినప్పుడు పని పడిపోయింది, హాజరు 18 శాతం పాయింట్లు తగ్గింది. హాజరు తగ్గితే ఆ రోజు కూలి పోతుంది. ఆ నష్టానికి కూడా సిద్ధపడ్డారంటే ఆ బాధ ఎంతటిదో చూడండి. కానీ పక్కవాడు తనకంటే ఎక్కువ చేస్తున్నాడని కళ్ల ముందు స్పష్టంగా కనబడినప్పుడు ఈ పతనం చాలావరకు లేకుండా పోయింది.

తేడా పెట్టకూడదని కాదు, దాని కారణం అందరికీ కనబడాలి. మీ కుర్రవాడు గుమ్మానికి ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ కౌంటరులో ఉన్నాడు, వచ్చినవారంతా ముందు అతని దగ్గరే ఆగుతారు. ఆ పెద్దాయన లోపల, మెట్ల పక్కన పంచెల దగ్గర. అమ్మకం తేడాలో సగం చోటు తేడానే కావచ్చు. ఆయనకు ఫోను చేసి, చోటు తేడాను లెక్కలోకి తీసుకోకపోవడం మీ పొరపాటని చెప్పండి. తిరిగి వస్తారో రారో గానీ, ఆ మాట ఆయనకు చెప్పవలసిన మాట.

ఆలస్యపు కోతను రేపే ఎత్తేయండి. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాలను ఎంచుకుని, వాటిలో ఆరింటిలో పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు 10 షెకెల్‌ల (అక్కడి డబ్బు) జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచరును కూర్చోబెడుతున్నామన్న మొహమాటం ఉండేది; జరిమానా పెట్టాక ఆ ఆలస్యానికి ధర కట్టినట్టయింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. అందుకే కోత తీయగానే మీ వాళ్లంతా తొమ్మిదిన్నరకే వచ్చేస్తారని ఆశపడవద్దు. ఎవరెవరు ఏ బస్సుకు వస్తున్నారో అడగండి. బడి వ్యాను ఎక్కించి రావలసిన తల్లులుంటే వారికి పావు గంట తరువాతి సమయం ఇచ్చి, రాత్రి మూసేటప్పుడు పావు గంట ఉండమనండి.

మోటారు సైకిలు ఎందుకు వద్దన్నానంటే, పెద్ద బహుమతి మనిషి చేతిని వణికిస్తుంది. మదురై ప్రాంత గ్రామాల్లో 87 మందితో ఆరు రకాల ఆటలు ఆడించారు. బంతి విసరడం, అంకెలు గుర్తుపెట్టుకోవడం వంటివి. బాగా ఆడితే ఒక్కో ఆటకు కొందరికి 4 రూపాయలు, కొందరికి 40, కొందరికి 400. ఆరూ గెలిస్తే 2,400, అంటే అక్కడి మనిషి అర్ధ సంవత్సరపు ఖర్చుకు సమానం. అందరికంటే అధ్వానంగా ఆడింది ఆ పెద్ద మొత్తం ముందున్నవారే. పైగా మీ దుకాణంలో బండి ఒక్కరికే వస్తుంది. దసరా మొదటి వారానికే అది ఎవరికి వస్తుందో అందరికీ తెలిసిపోతుంది. మిగతా 13 మందికి ఆ క్షణం నుంచి అది లేనట్టే.

ఆ డబ్బును దసరా బోనస్‌లో కలపండి. మొత్తం సిబ్బంది 20 మంది గానీ అంతకు మించి గానీ ఉంటే అర్హులకు కనీసం 8.33 శాతం బోనస్ చట్టప్రకారం ఎలాగూ ఇవ్వాలి. అది మీ దయ కాదు, వారి హక్కు. దానికి పైన ఇచ్చేది చిన్నదైనా మీ చేతులతో ఇవ్వండి. జర్మనీలో గ్రంథాలయ పుస్తకాల జాబితా రాసే తాత్కాలిక ఉద్యోగులకు అనుకోని విధంగా జీతం 20 శాతం పెంచితే పనిలో పెద్ద తేడా రాలేదు. అంతే విలువైన ఫ్లాస్కును కాగితంలో చుట్టి ఇస్తే పని 25 శాతం పెరిగింది. మన దుకాణాల్లో పండగకు చీర పెట్టడం పాత ఆచారమే. కాకపోతే అమ్ముడుపోని సరుకు కాక, వారే ఎంచుకునే చీర పెట్టండి. రోజంతా ఇతరులకు చీరలు చూపించేవారు ఒక గంట కౌంటరుకు ఇటువైపు కూర్చోవాలి. వారికి మీరు చూపించండి.

పొదుపు గురించి కూడా అడిగారు. ఇప్పటి జీతంలో కోసి పొదుపు చేయించవద్దు, అది మళ్లీ అడ్వాన్సుగా మీ గల్లాకే వస్తుంది. ఈసారి జీతం పెంచినప్పుడు, పెరిగినదాంట్లో సగం వారి పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లో పడేలా ముందుగానే ఒప్పుకునే వీలు కల్పించండి. బలవంతం వద్దు, ఎప్పుడైనా మానుకునే వీలుండాలి. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అమెరికాలోని ఒక కర్మాగారంలో ఇదే తరహాలో పెంపుతో ముడిపెట్టి చూస్తే, చేరినవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికి వచ్చేది ఎప్పుడూ తగ్గలేదు కాబట్టి ఎవరికీ కష్టం తోచలేదు.

ఇవన్నీ ఒకేసారి పెట్టకండి. వచ్చే నెల జీతాన్ని రెండుగా చీల్చడం, కోత ఎత్తేయడం. రెండు నెలలు అడ్వాన్సుల తేదీలు, మార్పిడులు రాసిపెట్టుకుని, ఆ తరువాత జట్ల ఇన్సెంటివ్. దాన్ని ఆషాఢం తగ్గింపుల నెలలోనూ, దసరా రద్దీలోనూ మొదలుపెట్టవద్దు. ఆ నెలల్లో అమ్మకాలు ఎలాగూ పైకి లేస్తాయి, ఏది దేనివల్ల పెరిగిందో తేలదు. దీపావళి దాటాక, కార్తీకంలో పెళ్లి ముహూర్తాలు పెద్దగా లేని పక్షం చూసుకుని మొదలుపెట్టండి. నిరుటి అవే తేదీల బిల్లులు ముందే తీసి పక్కన ఉంచుకోండి.